బైబిలు వాక్యం చదువుతున్నాం, వింటున్నాం.. లోపలికి ఎందుకు దిగడం లేదు?

ఎండిన_చెలమ
పొద్దున ఐదున్నరకు లేచి మూడు అధ్యాయాలు, పది నిమిషాల ప్రార్థన. టిఫిన్ ముగిసేసరికి ఏం చదివానో అడిగితే చెప్పలేను. ఆదివారం ప్రసంగం గుడి మెట్లు దిగేదాకా ఉంటుంది. ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టికలో ఇప్పుడు లేవీయకాండం నడుస్తోంది, టిక్కులు మాత్రం బాగానే పడుతున్నాయి. ఎవర్ని అడిగినా "ఇంకా చదువు, ఇంకా ప్రార్థించు" అంటారు. ఇంకా అంటే ఎంత? లోపం ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి. ఓదార్పు వద్దు, పద్ధతి కావాలి.

లెక్కల_మాస్టారు
ముందు పట్టిక సంగతి. పాత నిబంధన 929, కొత్తది 260, మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున 52 వారాలకు 1196. ఏడాది మొత్తానికి మిగులు ఏడు అధ్యాయాలే. మూడు రోజులు జ్వరం తగిలితే పట్టిక తప్పినట్టే. ఆ తర్వాత అందుకోవాలని రోజుకు ఆరేడు అధ్యాయాల పరుగు. పరుగులో ఏదీ నిలవదు. అదే కొత్త నిబంధన ఒక్కటీ తీసుకుంటే వారానికి ఐదు రోజులు, రోజుకు ఒకటి, 52 వారాలకు సరిగ్గా 260. శని, ఆదివారాలు చదివినదాన్ని తిరగేయడానికి మిగులుతాయి.

ఓరుగల్లు_పిల్ల
మాస్టారూ, లెక్క మంచిగుంది గని పాత నిబంధన ఇడిచిపెడ్తె ఎట్ల? లేవీయకాండంల బలులు సమజ్ కాకుంటె కొత్త నిబంధనల హెబ్రీయులకు రాసిన పత్రికల ఏం సమజైతది?

లెక్కల_మాస్టారు
విడిచిపెట్టమనలేదమ్మా, వేగం వేరు చేయమంటున్నా. కీర్తనలు రోజుకు ఐదు చొప్పున 30 రోజులకు 150. 24వ రోజు మాత్రం ఆఫీసుకు సెలవు పెట్టాలి. ఆ రోజు వాటాలో 119వ కీర్తన ఉంది, అదొక్కటే 176 వచనాలు.

బెరయ_వీధి
చిక్కు అధ్యాయాల లెక్కలో లేదు. యేసు చెప్పిన విత్తువాని ఉపమానంలో దారి పక్క, రాతినేల, ముళ్లపొదలు, మంచి నేల, ఈ నాలుగు చోట్లా విత్తనం (అంటే వాక్యం) ఒకటే, చల్లినవాడూ ఒకడే, తేడా నేలది. మూడు సువార్తలు పక్కపక్కన పెట్టుకుని మంచి నేల దగ్గర క్రియాపదాలు చూడండి. మత్తయి 13:23లో వాక్యం విని "గ్రహించే"వాడు. మార్కు 4:20లో విని "అంగీకరించే"వాళ్లు. లూకా 8:15లో విని "అవలంబించి" ఓపికతో ఫలించేవాళ్లు. ఈ చివరి మాటకు మూలభాష గ్రీకులో జారిపోకుండా గట్టిగా పట్టుకోవడమని అర్థం. మూడూ మూడు వేరు వేరు పనులు. మనలో ఏది ఆగిందో తెలియకుండా మందు వేస్తే పనిచేయదు.

గ్రహింపు ఆగితే: చదివింది అర్థమే కాలేదు. దారి పక్కన పడ్డ విత్తనానికి మత్తయి 13:19 చెప్పిన కారణం ఇదే. దీనికి తక్కువ చదవాలి, ఎక్కువ అడగాలి. ఎవరు ఎవరితో అంటున్నారు, దానికి ముందు ఏం జరిగింది, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది, "కాబట్టి" అని మొదలైతే దేన్నిబట్టి.

అంగీకారం ఆగితే: అర్థమైంది, కానీ లోపల బేరం సాగుతోంది. తమ్ముడితో మాట్లాడాలని తెలుసు, మాట్లాడం. ఇక్కడ ఇంకో పది అధ్యాయాలు చదివినా లాభం లేదు. మత్తయి 5:23-24లో అర్పణను బలిపీఠం ముందే వదిలి ముందు సహోదరుడి దగ్గరికి వెళ్లమన్నది ఇందుకే.

పట్టు ఆగితే: అర్థమైంది, ఒప్పుకున్నాం, మధ్యాహ్నానికి జారింది. ఇది జ్ఞాపకానికీ అలవాటుకీ సంబంధించిన పని.

చెలమ గారూ, మీరు రాసినదాన్నిబట్టి మీకు మొదటిదీ మూడోదీ ఉన్నాయి. రెండోది మీరే తేల్చుకోవాలి.

సందేహి
ఒక్క నిమిషం. మార్కు 4:16లో రాతినేలవాళ్లు కూడా సంతోషంగా "అంగీకరించారు" కదా? మరి వాళ్లెందుకు ఎండిపోయారు?

బెరయ_వీధి
మంచి చోట పట్టుకున్నారు. తెలుగులో రెండు చోట్లా ఒకే మాట పడింది. గ్రీకులో 4:16లోది మామూలుగా పుచ్చుకోవడం, చేతికిస్తే తీసుకున్నట్టు. 4:20లోది నాది అని స్వీకరించడం. హెబ్రీ 12:6లో తండ్రి తాను "స్వీకరించే" కుమారుణ్ని శిక్షిస్తాడన్నప్పుడు ఉన్నదీ ఈ రెండో మాటే.

తొలకరి
నేల మాట వచ్చింది కాబట్టి నేనూ చెప్తా. మన చెలకలు ఊహించుకుని ఈ ఉపమానం చదివితే సగం తప్పుతుంది. గలిలయలో తొలకరి మనలా జూన్‌లో పడదు. అక్కడ తొలకరి అక్టోబరు, నవంబరు. కడవరి వాన మార్చి, ఏప్రిల్. ఎండాకాలమంతా బండబారిన నేల తొలకరికి మెత్తబడితే గానీ దుక్కి సాగదు. యాకోబు 5:7లో రైతు తొలకరి, కడవరి రెండూ పడేదాకా ఓపిక పడతాడంటే ఐదారు నెలల మాట. మనవాళ్లు సోమవారం చల్లి శుక్రవారం కోతకు వస్తారు.

రాతినేల అంటే రాళ్లు కలిసిన చేను అనుకుంటాం. అక్కడి కొండ వాలుల్లో అడుగున సున్నపురాయి పలక, పైన బెత్తెడు మట్టి. కింద పలక ఉండేసరికి మట్టి త్వరగా వేడెక్కి మొలక అన్నిటికంటే ముందు లేస్తుంది. గట్టు మీద నిలబడి చూసేవాడికి అదే మంచి చేను. వేరు దిగే చోటు లేక ఎండ ముదరగానే మాడుతుంది. సంతోషం అన్న మాట ఉపమానంలో రాతినేలకే పడింది, మంచి నేలకు పడలేదు. ఇది గమనించారా?

ఉప్పు_చిటికెడు
మూడు రోజుల ఉజ్జీవ కూటాలు, నాలుగో రోజు టెంటు విప్పుతుంటే ఉజ్జీవాన్ని కూడా కట్టకట్టి లారీ ఎక్కిస్తారు. తొలకరి అన్న చెప్పిన బెత్తెడు మట్టి అదేనా?

ఫాదర్‌గారి_శిష్యుడు
కతోలిక సన్యాసుల సంప్రదాయంలో దీనికి పాత పద్ధతి ఒకటుంది, లెక్షియో దివీనా, అంటే దివ్య పఠనం. 12వ శతాబ్దంలో రెండవ గీగో అనే కార్తూసియన్ సన్యాసుల మఠాధిపతి దాన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా చెప్పాడు: పఠనం, ధ్యానం, ప్రార్థన, మౌన దర్శనం. చేతల్లో ఇలా.

ఎనిమిది, పది వచనాలు చాలు. మొదటిసారి పైకి, నెమ్మదిగా చదవాలి. ఒక నిమిషం ఊరుకోవాలి. రెండోసారి చదువుతూ ఒక మాట దగ్గర ఆగాలి, వెతికి పట్టుకోనక్కర్లేదు, తగిలినదాని దగ్గరే. ఆ మాటను ఐదు నిమిషాలు నెమరేయాలి. మూడోసారి చదివి ఆ మాటనే దేవునితో మాట్లాడటానికి వాడాలి. చివరి ఐదు నిమిషాలు ఏమీ అడగకుండా కూర్చోవాలి. మొత్తం ఇరవై నిమిషాలు.

చెడేది ఎక్కడంటే, రెండో మెట్టు మీద చాలామంది మనసులోనే ప్రసంగం తయారుచేయడం మొదలుపెడతారు. "ఇది ఫలానావాళ్లకు బాగా తగులుతుంది" అనిపించిందా, నిచ్చెన దిగిపోయినట్టే.

గుంటూరు_లూథరన్
శిష్యుడు గారి మాటతో సగం ఏకీభవిస్తా. తగిలిన మాట దగ్గర ఆగమంటే మనిషి తనకు నచ్చిన మాట దగ్గరే ఆగుతాడు. ప్రొటెస్టెంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ 1539లో కీర్తన 119ని ఆధారం చేసుకుని మూడు చెప్పాడు: ప్రార్థన, ధ్యానం, శోధన. తేడా చూడండి. గీగో నిచ్చెన మౌన దర్శనంలో ముగుస్తుంది, లూథర్‌ది శోధనలో. కష్టం వచ్చి తోసినప్పుడే వాక్యం నిజంగా ఎంత బరువు మోస్తుందో తెలుస్తుంది. ధ్యానం అన్నా ఆయన మనసులో అనుకోవడం ఒక్కటే అనలేదు, పైకి పలకాలి, అవే మాటలు మళ్లీ మళ్లీ రుద్దాలి అన్నాడు.

ఇంకో సంగతి. మనం పద్ధతులు పెట్టుకుని "నా నేల ఎంత మెత్తబడింది" అని రోజూ కొలుచుకుంటే మొలకను రోజూ పీకి వేరు చూసినట్టే. మార్కు 4:27లో రైతు నిద్రపోతాడు, లేస్తాడు, విత్తనం ఎలా పెరిగిందో అతనికే తెలియదు.

ఫాదర్‌గారి_శిష్యుడు
నచ్చిన మాట దగ్గరే ఆగుతాడన్నది నిజం. అందుకే పాఠాన్ని మనం ఎంచుకోకూడదు. మా పూజలో ఆదివారం పఠనాలు మూడేళ్ల చక్రం. ఒక ఏడు మత్తయి, మరో ఏడు మార్కు, ఇంకో ఏడు లూకా. ఆ ఆదివారం సువిశేషం (సువార్త భాగం) ఏది వస్తే వారమంతా దాంతోనే కూర్చోవాలి. నచ్చనిదీ వస్తుంది.

గుంటూరు_లూథరన్
ఇది ఒప్పుకుంటా. 1535లో లూథర్ తన మంగలికి ప్రార్థన ఎలా చేయాలో ఉత్తరం రాశాడు. గడ్డం గీసేవాడి కన్నూ మనసూ కత్తి మీదే ఉండాలి, కబుర్లు చెప్తూ గీస్తే ముక్కో నోరో తెగుతుంది, ప్రార్థనా అంతే అన్నాడు. పది ఆజ్ఞల్లో ఒక్కోదాన్ని నాలుగు పేటల దండగా అల్లమన్నాడు: ఇందులో నేర్చుకునేది ఏమిటి, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏది ఒప్పుకోవాలి, ఏమి అడగాలి. పొద్దున వచనాలకు ఈ నాలుగు ప్రశ్నలు వేసి ఒక్కో దానికి ఒక్క వాక్యం రాస్తే చాలు. నోటు పుస్తకంలో నాలుగు లైన్లు.

ఉప్పు_చిటికెడు
మంగలికి ఉత్తరం రాసిన వేదపండితుడు! మన దగ్గర అయ్యగారికి ఫోను చేస్తే కూటాల్లో ఉన్నారంటారు.

సండేస్కూల్_అక్క
పట్టు జారుతోందన్నారు కదా, దానికి నేను చెప్తా. కంఠత వాక్యం పిల్లలకే అనుకుంటారు పెద్దవాళ్లు. వారానికి ఒక్క వచనం, అదీ ఆ వారం చదివే భాగంలోదే. మొదటి రోజు చూస్తూ పదిసార్లు పైకి. రెండో రోజు ఒక్కో మాటలో మొదటి అక్షరం మాత్రం కాగితం మీద రాసుకుని దాన్ని చూస్తూ పదిసార్లు. మూడో రోజు కాగితం మూసి ఐదుసార్లు. మిగతా రోజులు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనం ముందు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. అధ్యాయం, వచనం సంఖ్య ముందూ చివరా రెండుసార్లు చెప్పాలి. అందరికీ ముందు పోయేది అదే.

కొత్తవి నేర్చుకుంటూ పాతవి వదిలేస్తే రెండు నెలల్లో అన్నీ పోతాయి. ఒక్కో వచనం ఏడు వారాలు రోజూ ఒకసారి, తర్వాత వారానికోసారి తిరగేయాలి. అంటే రోజూ తిరగేయాల్సినవి ఏడు వచనాల కంటే ఎక్కువ ఉండవు, మూడు నిమిషాల పని. ఏడాదికి 52. గ్రాంథికం నోరు తిరక్కపోతే ముందు వాడుక భాషలో అర్థం చెప్పుకుని తర్వాత పాత మాటలు పట్టండి. పాత అనువాదానికి లయ ఉంది, ఒకసారి పట్టిందంటే వదలదు.

డల్లాస్_తెలుగు
ఇక్కడి పిల్లలకు తెలుగు లిపి రాదు, మాట వస్తుంది. అలాంటివాళ్లకు ఆడియో బైబిల్ ఒక అధ్యాయం పెట్టి, తర్వాత ఇంగ్లిష్‌లో అదే భాగం చదివించడం పనిచేస్తుంది. తలకిందులు చేస్తే పనిచేయదు. ఇంగ్లిష్ ముందు చదివితే తెలుగు వినరు, కథ తెలిసిపోయింది కదా అంటారు.

ఓరుగల్లు_పిల్ల
గ్రహింపు ముచ్చట ఇంకోటి. పొద్దుగాల లేస్తె వాట్సాప్ల వాగ్దానం. యిర్మీయా 29:11 అందరికి నోటికొస్తది, సమాధానకరమైన ఉద్దేశాలే అని. దాని పైనున్న పదో వచనం ఎవ్వరు పంపరు. డెబ్బై ఏండ్లు బబులోను చెరలనే ఉంటరు అని ఉన్నది అండ్ల. ఇండ్లు కట్టుకోండ్రి, తోటలు నాటుకోండ్రి, ఆ పట్నం బాగుకోసం ప్రార్థన చెయ్యుండ్రి అని ఐదు నుంచి ఏడు దాక. గవన్ని తీసేసి ఒక్కటి కోసి ఫోటో మీద అతికిస్తె అది వాక్యం ఎట్లయితది? డిసెంబరు 31 రాత్రి చర్చిల తీసే వాగ్దాన కార్డుకు గూడ గిదే లెక్క. కార్డు తెచ్చుకుంటె మంచిదే, ఆ అధ్యాయం మొత్తం జనవరి ఒకటిన సదువుండ్రి.

సందేహి
ఈ పోస్టు మా చర్చి గ్రూపులో వేస్తే నన్ను తీసేస్తారు. వేస్తున్నా.

పొలిమేర_దీపం
ప్రసంగం గురించి ఎవరూ ముట్టుకోలేదు. లూకా 8:18లో "ఏలాగు" వింటున్నారో చూసుకోమన్నాడు, ఏమి వింటున్నారో అని కాదు. ఆదివారం వినికిడి శనివారం రాత్రి మొదలవుతుంది. పన్నెండు దాకా సినిమా చూసి పొద్దున కళ్లు నులుముకుంటూ వస్తే ఏ ప్రసంగీకుడూ ఏమీ చేయలేడు. వాక్యభాగం ముందే తెలిస్తే శనివారం ఒకసారి చదవాలి. గుడిలో ఫోన్‌లో బైబిల్ తెరవద్దు, పుస్తకం పట్టుకెళ్లండి, నోటిఫికేషన్ ఒక్కటి చాలు. రాసుకునేది మూడే లైన్లు: వాక్యభాగం, ప్రసంగంలో అసలు మాట, బుధవారంలోపు నేను చేయాల్సిన పని ఒకటి. పేజీలు పేజీలు రాసేవాళ్లు రాయడంలో పడి వినరు. ఆదివారం భోజనం దగ్గర ఇంట్లో ఒకరికి ఆ అసలు మాట చెప్పాలి. చెప్పలేకపోతే వినలేదన్నమాట, లేదా ప్రసంగంలో అసలు మాట లేదన్నమాట. రెండోదీ జరుగుతుంది.

బెరయ_వీధి
పొలిమేర గారు చెప్పిన "పని ఒకటి" అనేది గీత పెట్టుకోవాల్సిన మాట. అది "ఎక్కువ ప్రేమగా ఉంటాను" అయితే వృథా. ఎవరితో, ఎప్పుడు, ఏమిటి అని ఉండాలి. "తీసుకున్న ఐదు వేలు గురువారం తిరిగిచ్చేస్తాను", అలా. యాకోబు 1:21లో వాక్యాన్ని సాత్వికంతో అంగీకరించమని చెప్పిన వెంటనే 22లో విని ఊరుకోవడం తమను తాము మోసగించుకోవడం అంటాడు. అంగీకారం ఆగిందో లేదో ఆ గురువారం తెలిసిపోతుంది.

రాత్రిబడి
అందరూ పద్ధతి చెప్తున్నారు. అన్నీ సరిగా చేస్తున్నా పొడిగా ఉండేవాళ్ల మాటేమిటి? కీర్తన 88 చదవండి, చివరి మాట చీకటి. దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసేయలేదు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానన్నప్పుడు దేవదూత ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చి, రెండోసారి తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుని మెల్లని స్వరం ఆ తర్వాత సంగతి.

కాబట్టి "నేల గట్టిపడింది" అనే ముందు నిద్ర ఎన్ని గంటలో చూడండి. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకుండా పోతే అది డాక్టరుకు చూపించాల్సిన విషయం. విశ్వాసం తక్కువైందని చెప్పి వాళ్లతో ఉపవాసం చేయించడం దుర్మార్గం.

గుంటూరు_లూథరన్
వెయ్యిసార్లు ఆమేన్.

తొలకరి
ఉపవాసం మాట కూడా తేల్చేద్దాం. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా భోజనం మానకూడదు. మిగతావాళ్లకు మొదట ఒక పూట చాలు, మధ్యాహ్నం. నీళ్లు మానొద్దు. తలనొప్పి వచ్చి ప్రార్థన పాడయ్యేది చాలాసార్లు కాఫీ, టీ మానడం వల్ల, అన్నం మానడం వల్ల కాదు. మూడు రోజుల ముందు నుంచే కప్పులు తగ్గించుకోవాలి. ముగించేటప్పుడు మజ్జిగో, రెండు ఇడ్లీలో. బిర్యానీతో ముగించేవాళ్లకు సాయంత్రం ప్రార్థన బదులు నిద్ర. మానిన పూట మిగిలిన డబ్బు ఆకలిగా ఉన్నవాడికి చేరాలి, యెషయా 58:7 చెప్పేది అదే. చేరకపోతే అది డైటింగ్.

సండేస్కూల్_అక్క
కుటుంబ ప్రార్థన గురించి ఒక్క ముక్క. పన్నెండు నిమిషాలు దాటించకండి. పాట ఒక చరణం, ఎనిమిది వచనాలు, ఒక ప్రశ్న, ఒక్కొక్కరు ఒక్క వాక్యం ప్రార్థన. ప్రశ్న పెద్దవాళ్లకే జవాబు తెలిసినది కాకూడదు. ముఖ్యంగా కళ్లు మూసుకుని "ప్రభువా, మా పెద్దవాడికి ఫోను మీద ఉన్న శ్రద్ధ పుస్తకం మీద పుట్టించు" అని పిల్లాడికి వినిపించేలా ప్రార్థించకండి. వాడు ఆమేన్ అనడు, అన్నా మనసులో అనడు.

ఉప్పు_చిటికెడు
అత్తగారు కోడలికి వినిపించేలా చేసే ప్రార్థనలు కూడా ఈ కోవలోకే వస్తాయా అక్కా?

సండేస్కూల్_అక్క
వస్తాయి. కోడలు తిరిగి చేసేవి కూడా.

ఫాదర్‌గారి_శిష్యుడు
రాత్రికి ఒకటి కలుపుతా. యేసు సభ (జెసూట్లు) స్థాపకుడు ఇగ్నాసియుస్ లొయోలా నేర్పిన దినపరిశీలన, పది నిమిషాలు. కృతజ్ఞత, వెలుగు కోసం అడగడం, పొద్దుటి నుంచి గంట గంటగా రోజును తిరిగి చూడటం, తప్పుకు పశ్చాత్తాపం, రేపటికి తీర్మానం. మూడోదే అసలైంది. ఏ గంటలో దేవుని మాట గుర్తొచ్చింది, ఏ గంటలో వచ్చినా పక్కకు నెట్టాం. పడుకుని చేస్తే రెండో అంచె దగ్గరే గురక వస్తుంది, కుర్చీలో చేయండి.

ఎండిన_చెలమ
అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. ఒకేసారి ఇవన్నీ పెట్టుకుంటే అది ఇంకో పట్టిక అవుతుంది. మార్కు 4:1-20 ఒక్కటే వారమంతా. పొద్దున నాలుగు లైన్లు, కంఠతకు 20వ వచనం. లేవీయకాండం శని, ఆదివారాలకు. బెరయ గారు తేల్చుకోమన్న రెండోది తేల్చుకున్నాను, అదేమిటో ఇక్కడ రాయను.

లెక్కల_మాస్టారు
20 వచనాలు ఏడు రోజులకు సరిగ్గా భాగించబడవు. 1-9 ఉపమానం, 10-12 శిష్యుల ప్రశ్న, 13-20 వివరణ. ముందు మూడు రోజులు మొదటి భాగం, ఒక రోజు రెండోది, చివరి మూడు రోజులు వివరణ.

ఓరుగల్లు_పిల్ల
10-12 ఒక్కరోజుల సమజ్ కాదు మాస్టారూ. "చూసి చూసి గ్రహింపకుండ" అన్న ముచ్చట అండ్లనే ఉన్నది, యెషయా 6 గూడ తియ్యాలె. రెండు రోజులు ఇయ్యుండ్రి.

లెక్కల_మాస్టారు
సరే, మొదటి భాగానికి రెండు రోజులు, దీనికి రెండు.